వెన్నునీరు చెప్పే కబురు

మే నెల వచ్చిందంటే రామగుండం పేరు టీవీల్లో రోజూ వినపడుతుంది. ఎండలు మండిపోతున్న ఊళ్ల జాబితాలో అది లేకుండా వాతావరణం వార్త పూర్తికాదు. అలాంటి ఎండల్లో ఓ మనిషి తలనొప్పి అంటే ఎవరైనా ఏమంటారు? 'ఎండ తగిలింది, మజ్జిగ తాగి పడుకో' అంటారు. 2011లో మా మేనమామకూ అదే చెప్పారు. చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

మామది గోదావరిఖని. తట్టా చెమ్మస్ పట్టుకుని కోల్‌ఫిల్లర్‌గా సింగరేణిలో చేరినవాడు. యైటింక్లయిన్ కాలనీలో క్వార్టరు. ఆయన నాగా పెట్టిన రోజుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చని అత్త గొప్పగా చెప్పుకునేది. అంతటి మనిషి ఆ నెలలో మూడు వారాలపాటు తల పట్టుకునే కూచున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. అన్నం సయించేది కాదు. కాలనీ బయట ఆరెంపీ దగ్గర రెండు సూదులు, నాలుగు గోళీలు.. రెండ్రోజులు తేలిక. మళ్లీ మామూలే. మూడోవారం చివర్లో ఓ పొద్దున లేచి, ఎప్పుడో మూతపడ్డ బాయి పేరు చెప్పి 'షిఫ్టుకు టైమైంది, నా క్యాప్‌లైటేది?' అన్నాడు. అత్త నవ్వింది. కాసేపటికి ఆమెనే చూసి 'నువ్వెవరు?' అన్నాడు. అప్పుడు నవ్వలేదు.

ఆస్పత్రిలో డాక్టరు చేసిన మొదటి పని.. మామ తల కింద చెయ్యి పెట్టి పైకెత్తడం. గడ్డం ఛాతీకి ఆనాలి. ఆనలేదు. మెడ కర్రలా బిగుసుకుపోయి, తలతోపాటు భుజాలూ లేచాయి. 'మెదడు పొరలకు ఏదో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఏమిటో తేలాలంటే వెన్నులోంచి కొంచెం నీరు తీసి పరీక్ష చెయ్యాలి. ఇక్కడ సంతకం పెట్టండి' అన్నారాయన.

అత్త కాగితం ముట్టుకోలేదు. 'వద్దు సారూ. నడుంల సూది ఏస్తే మనిషి లేవడంట. మా వెనక లైన్ల ఒకాయనకు గిట్లనే నీళ్లు తీసిన్రు, మూడొద్దులకు పాణం పోయింది' అంది. ఆ తర్వాత నావైపు తిరిగింది. 'అల్లుడా, సదువుకున్నోనివి. నువ్వే చెప్పు.'

నేనప్పుడు జర్నలిజం డిప్లొమా చేస్తున్నాను. ఇరవయ్యొకటో ఏడు. వెన్నునీరు గురించి నాకు తెలిసింది సున్నా. తెలియదని చెప్పడానికి మొహమాటం. పెద్దమనిషిలా గొంతు సవరించుకుని 'రెండ్రోజులు చూద్దాంలే అత్తా' అన్నాను.

ఆ రెండ్రోజుల గురించే ఈ వారం ఇదంతా.

ఏమిటీ నీళ్లు?

మన మెదడు పుర్రెలో పొడిగా కూచుని ఉండదు. నీళ్లలో తేలుతూ ఉంటుంది. కిలోంబావు పైన బరువుండే మెదడు తన బరువుకు తానే నలిగిపోకుండా కాపాడేది ఆ నీళ్లే. అదే నీరు వెన్నుపాము చుట్టూ కూడా కిందివరకూ దిగి ఉంటుంది. డాక్టర్లు సీఎస్ఎఫ్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో మస్తిష్కమేరు ద్రవం. పెద్దవాళ్లలో మొత్తం కలిపి సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఓ టీగ్లాసుడు. కానీ మెదడు లోపలి గదుల్లో రోజుకు దాదాపు అరలీటరు కొత్తగా ఊరుతుంది. పాతది రక్తంలోకి పోతుంది. అలా రోజులో మూడుసార్లు నీరు మారుతుందన్నమాట. పరీక్షకు తీసే కొద్దిపాటి నీరు కొన్ని గంటల్లోనే మళ్లీ ఊరిపోతుంది. 'ఒంట్లో నీళ్లు తోడేస్తే మనిషి ఏమైపోవాలి?' అన్న అత్త ప్రశ్నకు ఇదీ జవాబు. అప్పుడు నాకు తెలిస్తే కదా!

మరి సూది వెన్నుపాముకు గుచ్చుకోదా? గుచ్చుకోదు. ఎందుకంటే పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదట్లోనే, ఒకటి రెండు నడుంపూసల దగ్గరే ఆగిపోతుంది. ఆ కింద ఉండేది నీళ్లు నిండిన సంచి, అందులో గుర్రం తోక వెంట్రుకల్లా వేలాడే నరాలు. సూది వేసేది మరో రెండు పూసల కింద. అక్కడి నరాలు నీళ్లలో తేలే దారాల్లాంటివి కాబట్టి సూదికి పక్కకు జరుగుతాయి. రోగిని పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు ఆనించి ముడుచుకుని పడుకోబెడతారు. అలా వంగితే పూసల మధ్య సందు తెరుచుకుంటుంది. చర్మానికి మత్తు ఇచ్చి సన్నటి సూది దించుతారు. ఇంకోమాట.. సిరంజితో లాగరు. నీరు దానంతటదే చుక్కచుక్కగా పడుతుంటే చిన్న సీసాల్లో పడతారు. అంతే. జర్మనీ వైద్యుడు హైన్‌రిష్ క్విన్‌కె 1891లో లోకానికి పరిచయం చేసిన పద్ధతి ఇది. సూదులు సన్నబడ్డాయి తప్ప మూలసూత్రం మారలేదు.

ఇబ్బందులేమీ లేవని కాదు. కొందరికి తర్వాత ఒకట్రెండు రోజులు, అరుదుగా వారంపాటు తలనొప్పి ఉంటుంది. లేచి కూచుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. రక్తం పల్చబడే మందులు వాడేవారికి, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవారికి జాగ్రత్తలు కావాలి. మెదడులో గడ్డ ఉండి ఒత్తిడి పెరిగినవారికి తొందరపడి నీరు తీస్తే నిజంగానే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అనుమానం ఉంటే ముందు కంటిలోపలి నరం చూస్తారు, సీటీ స్కాన్ తీస్తారు. ఇవన్నీ చూసుకున్నాకే డాక్టరు సంతకం అడుగుతారు. అయితే స్కాన్ కోసమో, సంతకం కోసమో ఆగినంతసేపు మందులు ఆపరు, ఆపకూడదు కూడా.

నర్సమ్మ ఒక్కమాట

మూడోరోజు పొద్దున మామ పిలిస్తే పలకలేదు. మందులైతే ఎక్కుతున్నాయి. కానీ ఏ జబ్బుకో తెలియకుండా ఎక్కుతున్న మందులవి. రాత్రి డ్యూటీ దిగిపోతున్న ఓ నర్సమ్మ అత్త పక్కన కూచుంది. డాక్టరు చెప్పిన శాస్త్రమేదీ ఆమె చెప్పలేదు. 'నీ బిడ్డకు కాన్పు ఆపరేషనే గద?' అనడిగింది. అవునంది అత్త. 'మత్తుసూది ఏడ ఏసిన్రు?' అత్త చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి, నడుం మీదికి వెళ్లింది. 'గక్కడనే. నీ బిడ్డ నడుస్తలేదా మరి?'

అత్త వేలిముద్ర వేసింది.

అరగంట పట్టలేదు. సూదితో చేసిన పనికి పది నిమిషాలు, మామను కదలకుండా పట్టుకోవడానికి మిగతాది. నీరు చూస్తే నీరులాగే ఉంది, ఏదో తెలియని మసక తప్ప. నాలుగు సీసాల్లో పట్టి, అదే సమయంలో చేతినరం నుంచి రక్తం కూడా తీశారు. రక్తమెందుకో అప్పుడర్థం కాలేదు. తర్వాత చెబుతాను.

సీసాలు నా చేతికిచ్చి 'ల్యాబుకు పరిగెత్తు' అన్నారు. నిజంగా పరిగెత్తాల్సిన పనే అది. ఎందుకంటే వెన్నునీటిలో పడ్డ కణాలు ఎక్కువసేపు నిలవవు. గంట గడిస్తే చెదిరిపోవడం మొదలవుతుంది. ఆలస్యమైతే ఉన్న కణాలు లేనట్టు లెక్క తేలుతుంది, జబ్బు తప్పించుకుపోతుంది. అలాగని ఫ్రిజ్‌లో పెడదామంటే కొన్ని బ్యాక్టీరియాలు ఆ చలికి చచ్చిపోయి, పెంచి చూద్దామన్నా దొరకవు. ఇన్ని కోట్ల యంత్రాలొచ్చినా ఈ పరీక్ష విలువ చివరికి వార్డు నుంచి ల్యాబుకు నడిచే మనిషి కాళ్ల మీద ఆధారపడి ఉండటం విచిత్రమే!

ల్యాబులో ఏం చూస్తారు? ముందు రంగు. తేటగా ఉండాలి. పెరుగు కలిపిన నీళ్లలా ఉంటే చీము, అంటే బ్యాక్టీరియా. ఎర్రగా ఉంటే రెండు అర్థాలు.. సూది తగిలి చిందిన రక్తం, లేదా మెదడులోనే నరం చిట్లి కలిసిన రక్తం. మొదటిదైతే సీసా సీసాకూ ఎరుపు తగ్గుతూ వస్తుంది. రెండోదైతే అన్ని సీసాలూ ఒకేలా ఉంటాయి, గంటలు గడిచిన రక్తమైతే పైన తేరిన నీరు కూడా పసుపు తిరుగుతుంది. ఒక సీసాకు బదులు మూడు నాలుగు పట్టడానికి ఇదో కారణం.

ఆ తర్వాత గళ్లు గీసిన గాజుపలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపు కింద తెల్లకణాల్ని ఒక్కొక్కటీ లెక్కపెడతారు. ఆరోగ్యవంతుల్లో ఘనపు మిల్లీమీటరుకు ఐదుకు మించవు. ప్రొటీను డెసీలీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక చక్కెర.. ఇదీ అసలు కిటుకు. వెన్నునీటిలో చక్కెర ఎప్పుడూ రక్తంలోని చక్కెరలో మూడింట రెండొంతులు ఉంటుంది. రక్తంలో ఎంతుందో తెలియకపోతే ఈ అంకెకు అర్థం లేదు. షుగరు జబ్బున్నవాళ్ల విషయంలో మరీనూ. రక్తం తీసింది అందుకే. బ్యాక్టీరియా చేరితే నీటిలో చక్కెర పడిపోతుంది. వైరస్ అయితే చాలావరకు అలాగే ఉంటుంది.

మామ కాగితం మీద ఏముందంటే.. కణాలు 240, అందులో నూటికి తొంభై లింఫోసైట్లు. ప్రొటీను 180. చక్కెర 24. అదే సమయానికి రక్తంలో 112. డాక్టరు ఆ నాలుగు అంకెలు చూసి తలూపారు. మిగిలిన ఓ సీసాను కదపకుండా పక్కన పెడితే మర్నాటికి నీళ్ల మధ్యలో సాలెగూడులాంటి సన్నటి పొర తేలింది. ఏడీఏ అనే మరో పరీక్ష కూడా ఎక్కువే చూపింది. మెదడు పొరలకు సోకిన క్షయ. టీబీ మెనింజైటిస్!

దగ్గు లేదు, తెమడ లేదు, టీబీ ఏమిటి? ఆ మాటకొస్తే ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా మెదడు పొరలకు చేరిన టీబీకి దగ్గు ఉండాలన్న నియమం లేదు. పైగా అది మెల్లగా ముదురుతుంది. వారాల తరబడి తలనొప్పి, సాయంకాలపు జ్వరం, ఆకలి లేకపోవడం.. మన ఎండాకాలంలో ఎవరికి మాత్రం లేవివి! రాతిధూళి పీల్చి సిలికోసిస్ బారినపడ్డవారికి టీబీ ముప్పు ఎక్కువని గనులున్న ప్రతిచోటా వైద్యులు చెప్పేదే. కాబట్టి బొగ్గుబాయి కుటుంబాల్లో ఇలాంటి తలనొప్పిని ఎండ ఖాతాలో రాసేయడం అంత మంచిది కాదు.

ఇంకోటి గమనించారా? మామ నీటిలో టీబీ సూక్ష్మజీవి ఎవరికీ కనపడలేదు. వెన్నునీటిలో అవి ఎంత తక్కువుంటాయంటే మైక్రోస్కోపుకు దొరకడం అరుదు. పెంచి చూడాలంటే వారాలు పడుతుంది. అంతవరకూ రోగి ఆగడు. అందుకే అంకెల పోకడ చూసి మందులు మొదలుపెట్టేస్తారు. ఇప్పుడైతే జీన్‌ఎక్స్‌పర్ట్ అనే మిషన్ రెండు గంటల్లో టీబీ జన్యువును పట్టేస్తోంది. వెన్నునీటికి కూడా దాన్ని వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. అయితే అది 'లేదు' అన్నంత మాత్రాన లేదని కాదు. అప్పుడు మళ్లీ ఆ పాత అంకెలే దిక్కు.

తేటనీరు చెప్పిన సంగతి

నీటిలో ఏదో ఒకటి కనపడితే సరే. ఏమీ కనపడకపోతే? గోదావరిఖని ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉంది గానీ 2016 దాకా కరీంనగర్ జిల్లాలోదే. ఆ పాత కరీంనగర్ జిల్లాకు 2003 వేసవి ఈ ప్రశ్న వేసింది.

ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు పిట్టల్లా రాలిపోయారు. పొద్దున ఆడుకున్న పిల్లాడికి మధ్యాహ్నం జ్వరం, వాంతులు, ఫిట్స్, స్పృహ లేకపోవడం. చాలామంది ఒకట్రెండు రోజుల్లోనే పోయారు. 11 జిల్లాల్లో 329 మంది పిల్లలకు జబ్బు చేస్తే 183 మంది చనిపోయారు. అందరూ మొదట అనుకున్నది జపనీస్ మెదడువాపు. కానీ పరీక్షల్లో ఆ వైరస్ ఆనవాలు దొరకలేదు. చాలామంది పిల్లల వెన్నునీరు చూడబోతే తేటగా, కణాలు పెద్దగా లేకుండా, దాదాపు మామూలుగానే ఉంది. పిల్లాడేమో చచ్చిపోతున్నాడు, నీరేమో 'నాకేం తెలీదు' అంటోంది!

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు నమూనాల్లోంచి వైరస్‌ను పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే తుపాకీ గుండు ఆకారంలో కనపడింది. చాందీపుర వైరస్. 1965లో నాగపూర్ దగ్గర్లోని ఓ ఊళ్లో దొరికి, ఆ ఊరిపేరే పెట్టుకుని, పెద్దగా ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న వైరస్ అది. ఇసుక ఈగలు దాన్ని మోస్తాయి. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉండే, దోమకంటే చిన్న పురుగులవి. ఈ పరిశోధన 2004లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. నీటిలో కణాలు లేవు కాబట్టి ఇది మెదడువాపే కాదు, మెదడు రక్తనాళాలకు వచ్చిన ముప్పు అని వాదించిన వైద్యులూ ఉన్నారు. ఆ వాదనకు ఆధారమూ ఆ తేటనీరే. తర్వాత 2005-06లో ఉత్తర తెలంగాణలో చేసిన పరిశోధన కూడా పిల్లల మెదడువాపు జబ్బులకు చాందీపుర ఓ ప్రధాన కారణమని తేల్చింది. 2024లో గుజరాత్‌లో పిల్లల ప్రాణాలు తీసి మళ్లీ వార్తల్లోకి ఎక్కిందీ ఇదే.

అత్త భయానికి వేళ్లు ఎక్కడున్నాయో ఈ సంగతులు చదివాక నాకు అనుమానం వచ్చింది. ఆ వేసవిలో ఆస్పత్రికి వెళ్లిన పిల్లల్లో సగానికి పైగా ఇంటికి రాలేదు. జబ్బేమిటో తెలుసుకోవడానికి వాళ్లకు వెన్నునీరు తీశారు. వైరస్ పేరు ఏ ఊరికీ చేరలేదు. 'నీళ్లు తీసిన్రు, పోయిండ్రు' అన్న మాట మాత్రం చేరింది. చావుకు దగ్గరగా ఉన్నవాళ్లకే ఎక్కువగా చేసే పరీక్షకు చావు తెచ్చే పరీక్షగా పేరు రావడంలో వింతేముంది?

టీబీ, వైరస్‌లే కాదు.. కాళ్ల నుంచి మొదలై పైకి పాకే గులియన్ బారీ పక్షవాతంలో ప్రొటీను పెరిగి కణాలు మాత్రం పెరగవు. ఫ్రెంచి వైద్యులు 1916లో ఇద్దరు సైనికుల్లో గమనించిన ఈ తేడా ఇప్పటికీ పనికొస్తోంది. మొదటి వారంలో తీస్తే మాత్రం మామూలుగానే ఉండొచ్చు. పెద్దవాళ్ల మతిమరుపు అల్జీమర్సా కాదా అన్నది కూడా ఈ నీటిలో వెతుకుతున్నారు. అమిలాయిడ్ అనే ప్రొటీను మెదడులో పేరుకుపోతే నీటిలో తగ్గుతుంది, టావ్ అనేది పెరుగుతుంది. అమెరికాలో 55 ఏళ్లు దాటి మతిమరుపు లక్షణాలున్నవారి కోసం ఇలాంటి ఓ రక్తపరీక్షకే 2025 మేలో అనుమతి వచ్చింది. కొన్నాళ్లకు ఆ ఒక్క జబ్బుకైనా నడుంసూది తప్పుతుందేమో. మెదడు పొరల ఇన్‌ఫెక్షన్‌కు మాత్రం తప్పేలా లేదు.

మామకు స్టెరాయిడ్లతోపాటు టీబీ మందులు మొదలుపెట్టారు. తొమ్మిదో రోజు అత్తను పేరు పెట్టి పిలిచాడు. మందులు ఏడాది వాడాడు, ఒక్కపూట మానకుండా. మనిషి దక్కాడు. ఎడమకన్ను మాత్రం లోపలికి తిరిగి ఉండిపోయింది. ఒక మనిషి ఇద్దరిలా కనపడతాడు. బాయి దిగడానికి అన్‌ఫిట్ అన్నారు. రిటైరయ్యేదాకా సర్ఫేస్‌లోనే చేశాడు. 'రెండ్రోజులు ముందే పరీక్ష చేసి ఉంటే కన్ను దక్కేదా?' అని డాక్టరును ఓసారి ఒంటరిగా అడిగాను. చెప్పలేమన్నారు. మందు మొదలుపెట్టే రోజుకు రోగి ఎంత స్పృహలో ఉన్నాడన్నదాన్ని బట్టే ఈ జబ్బులో ఫలితం ఉంటుందన్నారు. మొదటిరోజు మామ మాట్లాడుతున్నాడు. మూడోరోజు పలకలేదు. మిగతా లెక్క ఆయన నాకే వదిలేశారు.

మామకు ఈ సంగతి చెప్పాను, చాలా ఏళ్ల తర్వాత. 'పోరనివి, నీకేం తెలుసురా అప్పుడు' అని నవ్వేశాడు. అలా నవ్వినప్పుడు ఆ కన్ను ఎటో చూస్తుంది.

2022లో రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది. గోదావరిఖనిలోనే డాక్టర్లు తయారవుతున్నారు. అయినా సంతకం దగ్గర పేచీలు ఇంకా తప్పడం లేదని అక్కడి తెలిసినవాళ్లు చెబుతుంటారు. మొన్నామధ్య వెళ్లినప్పుడు మామ ఇంటి ముందు ఓ నడివయసావిడ కూచుని ఉంది. కొడుక్కి వారంగా జ్వరం, వాంతులు. నడుంలోంచి నీళ్లు తీస్తామన్నారట. భర్త వద్దంటున్నాడట. అత్త లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన కాగితం తెచ్చింది. అంచులు పసుపుబారాయి. అత్తకు చదవడం రాదు. కానీ 24 అన్న అంకె ఎక్కడుందో వేలికి తెలుసు.

'గిదే మీ మామ నీళ్ల కాగితం' అంటూ ఆమె చేతిలో పెట్టి, 'పొయ్యి మీ ఆయన్ను తోల్కరా, నేను మాట్లాడ్త' అంది.